నాటో, సీటో, సెంటో, కోకోమ్: కమ్యూనిజాన్ని అడ్డుకోవడానికి కట్టిన కూటములపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కూటముల గురించి చదివేవాళ్లు ఎక్కువగా సభ్యదేశాల పేర్లు, సంతకాలు జరిగిన సంవత్సరాలు బట్టీ పట్టి ఆగిపోతారు. వాటితో పెద్దగా ఏమీ తెలియదు. ఒప్పందంలో ఏ ఆర్టికల్ ఏమంటోంది, ఏ భూభాగానికి వర్తిస్తుంది, సైన్యాలు ఎవరి కమాండ్ కింద ఎక్కడ నిలబడ్డాయి అనే మూడు విషయాలు చూస్తే నాటో ఎందుకు మిగిలిందో, సీటో, సెంటో ఎందుకు పోయాయో అర్థమవుతుంది. కింది జవాబులన్నీ ఆ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

ఈ కోవలోకి ఏయే కూటములు వస్తాయి?

ముఖ్యమైనవి నాలుగు సైనిక కూటములు. నాటో (ఉత్తర అట్లాంటిక్ ఒప్పంద సంస్థ; 1949 ఏప్రిల్ 4, వాషింగ్టన్), ఆంజస్ (ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, అమెరికాలది; 1951 సెప్టెంబర్ 1, శాన్‌ఫ్రాన్సిస్కో), సీటో (ఆగ్నేయాసియా ఒప్పంద సంస్థ; 1954 సెప్టెంబర్ 8, మనీలా), 1955 ఫిబ్రవరి 24న బాగ్దాద్‌లో మొదలై తర్వాత సెంటోగా పేరు మారిన ఒప్పందం. అమెరికా ఖండాల దేశాల మధ్య 1947లో కుదిరిన రియో ఒప్పందాన్నీ కొందరు ఈ జాబితాలో చేరుస్తారు.

వీటితోపాటు అమెరికా ఒక్కో దేశంతో విడిగా చేసుకున్న రక్షణ ఒప్పందాలున్నాయి: ఫిలిప్పీన్స్, జపాన్ (1951), దక్షిణ కొరియా (1953), తైవాన్ (1954). ఆయుధాలు పట్టని కూటమి ఇంకొకటి ఉంది. సోవియట్ శిబిరానికి ఏ యంత్రాలు, ఏ పరికరాలు అమ్మకూడదో తేల్చే కోకోమ్. పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక్క వాక్యం కూడా దక్కదు కానీ మిగతావాటికంటే అదే ఎక్కువగా పనిచేసిందని వాదించవచ్చు.

అన్నీ 1947–55 మధ్యే ఎందుకు పుట్టాయి?

యూరప్‌లో వరుసగా జరిగినవి చూడండి. 1947 మార్చి 12న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సాయం అడిగాడు. 1948 ఫిబ్రవరిలో చెకొస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. మార్చి 17న బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ బ్రస్సెల్స్ ఒప్పందం చేసుకున్నాయి. జూన్ 24న సోవియట్ యూనియన్ పశ్చిమ బెర్లిన్‌కు దారులు మూసేసిన బెర్లిన్ దిగ్బంధం మొదలైంది, దాదాపు 11 నెలలు సాగింది. బ్రస్సెల్స్ ఒప్పందంలోని ఐదు దేశాల దగ్గర సోవియట్ సైన్యాన్ని నిలువరించే బలం లేదు. అమెరికాను లోపలికి తీసుకురావడమే నాటో ఉద్దేశం.

ఆసియాలో 1949లో చైనా విప్లవం, 1950లో కొరియా యుద్ధం, 1954 మేలో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రాన్స్ ఓటమి. ఆ ఓటమికి నాలుగు నెలలకే సీటో పుట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నాటో ఒప్పందం మొత్తం 14 ఆర్టికల్స్. వాటిలో ఎక్కడా ‘కమ్యూనిజం’ అన్న మాట లేదు, ‘సోవియట్ యూనియన్’ అన్న పేరూ లేదు. శత్రువు పేరు రాయకపోవడం వల్లే 1991లో ఆ శత్రువు పోయినా ఒప్పందం చెల్లకుండా పోలేదు.

నాటో సభ్యదేశంపై దాడి జరిగితే మిగతావన్నీ యుద్ధంలోకి దిగాల్సిందేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఐదో ఆర్టికల్ రెండు మాటలు చెబుతుంది. ఒకరిపై జరిగిన సాయుధ దాడిని అందరిపై జరిగినట్టే భావిస్తారు, ఇది మొదటిది. ప్రతి సభ్యదేశం సాయుధ బలప్రయోగం సహా ‘తనకు అవసరమని తోచిన’ చర్య తీసుకుంటుంది, ఇది రెండోది. ఏం చేయాలో తేల్చుకునేది ఆ దేశమే. పదకొండో ఆర్టికల్ ప్రకారం ఒప్పందం అమలు ఆయా దేశాల రాజ్యాంగ పద్ధతులకు లోబడి ఉంటుంది. యుద్ధం ప్రకటించే అధికారం తనదేనన్న పట్టుదల అమెరికా సెనేట్‌కు ఉండటంతో ఈ మాటలు అలా కుదిరాయి. 1949 జులై 21న సెనేట్ 82–13 ఓట్లతో ఆమోదించింది.

మరి ఇంత వదులుగా ఉన్న హామీ 40 ఏళ్లు ఎలా నిలబడింది? కాగితం మీద లేని గట్టిదనాన్ని సైన్యాలను నిలబెట్టిన తీరులో తెచ్చారు. పశ్చిమ జర్మనీ సరిహద్దును ఉత్తరం నుంచి దక్షిణానికి ముక్కలుగా పంచి, ఒక్కో ముక్కకు ఒక్కో దేశపు కోర్‌ను (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద సేనను) పెట్టారు. మధ్య ప్రాంతంలో డచ్, జర్మన్, బ్రిటిష్, బెల్జియన్ కోర్‌లు వరుసగా, వాటి దిగువన జర్మన్, రెండు అమెరికన్, మళ్లీ జర్మన్ కోర్‌లు. సోవియట్ ట్యాంకులు విశాలంగా దాడికి దిగితే తొలి గంటల్లోనే ఐదు దేశాల సైనికులు చనిపోతారు. అప్పుడు ‘మాకు అవసరమని తోచలేదు’ అని ఏ ప్రభుత్వమూ పార్లమెంటులో నిలబడి చెప్పలేదు.

దీనికి తోడు శాంతికాలంలోనే ఉమ్మడి కమాండ్ ఉంది. 1951లో పారిస్ దగ్గర అమెరికా జనరల్ ఐసన్‌హోవర్ మొదటి సుప్రీం కమాండర్‌గా పని మొదలుపెట్టాడు. ఆ పదవి ఎప్పుడూ అమెరికా సైనికాధికారిదే. సెక్రటరీ జనరల్ మాత్రం ఆనవాయితీగా యూరప్ నుంచి వస్తాడు. మొదటి సెక్రటరీ జనరల్ లార్డ్ ఇస్మే మన నైనిటాల్‌లో పుట్టినవాడు, 1947లో మౌంట్‌బాటన్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్.

ఐదో ఆర్టికల్‌ను ఎన్నిసార్లు వాడారు?

ఒక్కసారే, సోవియట్ యూనియన్ కూలిన పదేళ్లకు. న్యూయార్క్, వాషింగ్టన్ దాడుల మర్నాడు, 2001 సెప్టెంబర్ 12న. యూరప్‌ను అమెరికా కాపాడుతుందని కట్టిన ఒప్పందంలో ఏడు నాటో అవాక్స్ (రాడార్ నిఘా) విమానాలు వెళ్లి అమెరికా ఆకాశానికి కాపలా కాశాయి.

పోర్చుగల్ నాటో వ్యవస్థాపక సభ్యదేశం కదా. 1961లో భారత సైన్యం గోవాలోకి వెళ్లినప్పుడు నాటో ఎందుకు రాలేదు?

ఆరో ఆర్టికల్ వల్ల. ఐదో ఆర్టికల్ ఎక్కడ వర్తిస్తుందో ఇది చెబుతుంది: యూరప్, ఉత్తర అమెరికాల్లోని సభ్యదేశాల భూభాగాలు, ఉత్తర అట్లాంటిక్‌లో కర్కటరేఖకు పైన ఉన్న దీవులు. తర్వాత చేరిన టర్కీ కోసం దాన్ని సవరించారు. గోవా ఆ పటంలో లేదు. ఆఫ్రికాలోని పోర్చుగల్ వలసలూ లేవు. బెల్జియన్ కాంగో లేదు, హాంకాంగ్ లేదు.

వలసల గొడవల్లోకి తనను లాగకూడదని అమెరికా మొదటే జాగ్రత్తపడింది. ఒకే ఒక్క మినహాయింపు ఫ్రాన్స్‌కు దక్కింది. అల్జీరియా తమ దేశంలో భాగమని పట్టుబట్టి దాన్ని ఆరో ఆర్టికల్‌లో పేరుతో సహా రాయించుకుంది. 1962లో అల్జీరియాకు స్వాతంత్ర్యం రావడంతో ఆ వాక్యానికి అర్థం పోయింది.

దీని అర్థం పోర్చుగల్‌కు నాటో వల్ల మేలేమీ జరగలేదని కాదు. 1955 డిసెంబర్‌లో అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్, పోర్చుగల్ మంత్రి కున్యా కలిసి ఇచ్చిన ప్రకటనలో గోవాను పోర్చుగల్ ‘ప్రావిన్స్’ కోవలో ప్రస్తావించారు. ఢిల్లీలో అది పెద్ద దుమారం రేపింది. 1961 డిసెంబర్ 18న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి కాల్పుల విరమణ తీర్మానం పెట్టాయి. నాలుగూ నాటో దేశాలే. సోవియట్ వీటోతో అది వీగిపోయింది. సైన్యం పంపే బాధ్యత లేదు కానీ, రాజకీయంగా ఒకరినొకరు వెనకేసుకొచ్చే అలవాటు ఉంది. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

1982లో ఫాక్‌లాండ్స్ దీవులపై అర్జెంటీనా దాడి చేసినప్పుడు బ్రిటన్‌కూ ఇదే అడ్డొచ్చింది. ఆ దీవులు కర్కటరేఖకు చాలా దిగువన ఉన్నాయి.

నాటోలో నిర్ణయాలు ఓటింగ్‌తో జరుగుతాయా?

జరగవు. ఏకాభిప్రాయం కుదరాలి, ఎవరూ గట్టిగా అడ్డుచెప్పకూడదు. ఇందువల్ల పని మందగించినా, ఓడిపోయామన్న అవమానం ఎవరికీ ఉండదు.

ఫ్రాన్స్ నాటో నుంచి బయటికి వెళ్లిపోయిందా?

ఒప్పందం నుంచి వెళ్లలేదు. 1966లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్ ఉమ్మడి సైనిక కమాండ్ నుంచి మాత్రమే తప్పుకున్నాడు. ఫ్రాన్స్‌లోని విదేశీ సైన్యాలు, స్థావరాలు 1967 ఏప్రిల్ 1లోగా ఖాళీ చేయాలన్నాడు. నాటో ప్రధాన కార్యాలయం పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు, సైనిక కేంద్రం బెల్జియంలోనే మోన్స్ దగ్గరికి మారాయి. ఐదో ఆర్టికల్ బాధ్యత ఫ్రాన్స్‌పై అలాగే ఉంది. 2009లో తిరిగి కమాండ్‌లో చేరింది. సైప్రస్ గొడవ వల్ల గ్రీస్ కూడా 1974 నుంచి 1980 దాకా ఇలాగే కమాండ్‌కు దూరంగా ఉంది.

సీటో అంటే ఆసియా నాటో అనవచ్చా?

పేరు పోలిక తప్ప రెండింటికీ పోలిక తక్కువ. సీటోలో సభ్యదేశాలు ఎనిమిది: అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, థాయిలాండ్. పేరు ఆగ్నేయాసియాది, సభ్యదేశాల్లో ఆగ్నేయాసియావి రెండే. ఇండియా, బర్మా, ఇండోనేసియా, సిలోన్ రాలేదు. వియత్నాం, లావోస్, కంబోడియాలు చేరడానికి అక్కడి యుద్ధాన్ని ముగిస్తూ 1954 జులైలో కుదిరిన జెనీవా ఒప్పందాలు అడ్డం. అందుకని ఒక అదనపు ప్రోటోకాల్ రాసి, కంబోడియా, లావోస్, దక్షిణ వియత్నాం సభ్యులు కాకపోయినా వాటికి రక్షణ వర్తిస్తుందన్నారు. అడగని దేశానికి గొడుగు పట్టడం ఇది. కంబోడియా తర్వాత ఆ గొడుగు అక్కర్లేదని తేల్చి చెప్పింది.

అసలు తేడా నాలుగో ఆర్టికల్‌లో ఉంది. నాటోలో ‘ఒకరిపై దాడి అందరిపై దాడి’. సీటోలో ఆ మాట లేదు. ఒప్పంద ప్రాంతంలో జరిగే సాయుధ దాడి ‘తన శాంతి భద్రతలకు ప్రమాదకరమని’ ప్రతి దేశం గుర్తిస్తుంది, తన రాజ్యాంగ పద్ధతుల ప్రకారం ఉమ్మడి ముప్పును ఎదుర్కొంటుంది, అంతే. లోపలి నుంచి వచ్చే కుట్రలూ తిరుగుబాట్లూ అయితే వెంటనే సంప్రదింపులు జరుపుకోవాలి. ఆగ్నేయాసియాలో అసలు బెడద తిరుగుబాట్లే. అంటే ఎక్కువగా జరిగే దానికి ఈ ఒప్పందంలో ఉన్న మందు సమావేశం పెట్టుకోవడమే.

సీటోకు సొంత సైన్యం లేదు, ఉమ్మడి కమాండ్ లేదు. బ్యాంకాక్‌లో ఒక కార్యాలయం, ఏటా కొన్ని సైనిక విన్యాసాలు. 1960–61లో లావోస్ సంక్షోభం వచ్చినప్పుడు జోక్యానికి బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పుకోలేదు, సీటో కదల్లేదు. థాయిలాండ్ భయపడింది. దాన్ని ఊరడించడానికి 1962 మార్చి 6న అమెరికా మంత్రి రస్క్, థాయ్ మంత్రి థనత్ ఒక ఉమ్మడి ప్రకటన ఇచ్చారు: ఈ ఒప్పందం కింద అమెరికా బాధ్యత ఉమ్మడిదే కాదు, విడిగా కూడా వర్తిస్తుంది, మిగతావాళ్ల అంగీకారం కోసం ఆగనక్కర్లేదు అని. కూటమిగా సీటో పనికిరాదని అమెరికా స్వయంగా ఒప్పుకున్నట్టే అయింది.

కమ్యూనిస్టు కాని దేశం దాడి చేస్తే సీటో వర్తిస్తుందా?

అమెరికాకు సంబంధించినంతవరకు వర్తించదు. ఒప్పందం చివర అమెరికా తన వివరణ ఒకటి చేర్చింది. దాడి విషయంలో తన బాధ్యత ‘కమ్యూనిస్టు దురాక్రమణ’కే పరిమితమని, వేరే దాడి అయితే సంప్రదింపులకే కట్టుబడతానని. సీటో పత్రంలో శత్రువు పేరు కనిపించేది ఆ ఒక్క చోటే. ఆ వాక్యం ఇండియాపై సాయం ఆశించే పాకిస్తాన్‌ను ఉద్దేశించినదే అనుకోవచ్చు. మనీలాలో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్ సంతకమైతే పెట్టాడు కానీ, ‘మా ప్రభుత్వ పరిశీలనకు పంపడానికి’ అని రాసి మరీ పెట్టాడు.

మరి తెలిసి తెలిసీ పాకిస్తాన్ ఎందుకు చేరింది?

ఆయుధాల కోసం. 1954 మే 19న అమెరికాతో సైనిక సాయం ఒప్పందం, సెప్టెంబర్‌లో సీటో, 1955 సెప్టెంబర్‌లో బాగ్దాద్ ఒప్పందం. తూర్పున ఒక కూటమిలో, పడమర ఇంకో కూటమిలో ఉన్న ఆసియా దేశం అదొక్కటే. ఐదున్నర డివిజన్లకు (నాలుగు పదాతి, ఒకటిన్నర ట్యాంకుల డివిజన్లు) ఆయుధాలు సమకూర్చడానికి 17.1 కోట్ల డాలర్ల లెక్కతో పథకం మొదలైంది. ప్యాటన్ ట్యాంకులు, సేబర్ జెట్లు, తర్వాత స్టార్‌ఫైటర్లు ఆ దారిలోనే వచ్చాయి. బదులుగా పెషావర్ దగ్గర బడబేర్‌లో అమెరికాకు నిఘా కేంద్రం దక్కింది. 1960 మే 1న సోవియట్ యూనియన్ కూల్చిన అమెరికా గూఢచారి విమానం యూ-2 బయల్దేరింది పెషావర్ నుంచే.

ఈ ఆయుధాలు ఇండియాపై వాడనివ్వబోమని 1954 ఫిబ్రవరిలో, అప్పటికి అమెరికా అధ్యక్షుడైన ఐసన్‌హోవర్ నెహ్రూకు రాసిన లేఖలో హామీ ఇచ్చాడు. 1965 యుద్ధంలో ప్యాటన్ ట్యాంకులు పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ సెక్టార్‌లోకి వచ్చాయి. అసల్ ఉత్తర్ దగ్గర ధ్వంసమయ్యాయి.

1965, 1971 యుద్ధాల్లో ఈ కూటములు పాకిస్తాన్‌కు సాయం చేశాయా?

కూటములుగా చేయలేదు. 1965 సెప్టెంబర్‌లో పాకిస్తాన్ సెంటోను అడిగింది. టర్కీ, ఇరాన్ సానుభూతి చూపాయి, బ్రిటన్ ముందుకు రాలేదు. అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. కాగితం మీద సమాన శిక్షలా కనిపిస్తుంది, నిజానికి కాదు. ఇండియా ఆయుధాలు బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ల నుంచి, సొంత ఫ్యాక్టరీల నుంచి వచ్చేవి. పాకిస్తాన్ దగ్గర ట్యాంకుల విడిభాగాల నుంచి మందుగుండు దాకా ఎక్కువగా అమెరికావే. ఒకే చోట కొనడం వల్ల వచ్చే చిక్కు ఇదే. ఆ తర్వాత పాకిస్తాన్ చైనా వైపు తిరిగింది, బడబేర్ లీజు పొడిగించలేదు.

1971లో 1959 నాటి అమెరికా–పాకిస్తాన్ ద్వైపాక్షిక ఒప్పందాన్ని ఇస్లామాబాద్ గుర్తుచేసింది. అది కూడా మధ్యప్రాచ్యంలో కమ్యూనిస్టు ముప్పు కోసం రాసుకున్నదే. అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు వచ్చిన మాట నిజం. అది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సొంత నిర్ణయం, సీటో నిర్ణయం కాదు. ఢాకా పోయాక పాకిస్తాన్ 1972లో సీటో నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, 1973 నవంబర్‌లో అది అమల్లోకి వచ్చింది.

విశాఖపట్నం దగ్గర మునిగిన ఘాజీకి ఈ కూటములతో సంబంధం ఉందా?

ఉంది. ఘాజీ అసలు పేరు డయాబ్లో. రెండో ప్రపంచయుద్ధం చివర్లో తయారైన అమెరికా టెంచ్ తరగతి జలాంతర్గామి. పొత్తు దేశాలకు ఇచ్చే సైనిక సాయం కింద 1963లో పాకిస్తాన్‌కు లీజుకిచ్చారు. 1965 యుద్ధం తర్వాత దాని మరమ్మతులు సెంటో భాగస్వామి టర్కీలో జరిగాయి. సోవియట్ నౌకలపై ఉపయోగపడుతుందని లెక్కవేసి ఇచ్చిన జలాంతర్గామి 1971 డిసెంబర్ 3–4 రాత్రి విశాఖ తీరంలో మునిగింది. ఎలా మునిగిందన్నదానిపై భారత నౌకాదళం మాట ఒకటి, పాకిస్తాన్ మాట ఇంకొకటి. లోపల ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు.

బాగ్దాద్ ఒప్పందం, సెంటో ఒకటేనా? అమెరికా అందులో సభ్యదేశమా?

ఒకటే, మధ్యలో బాగ్దాద్ జారిపోయింది. 1955 ఫిబ్రవరిలో టర్కీ, ఇరాక్ సంతకాలు చేశాయి. అదే ఏడాది బ్రిటన్, పాకిస్తాన్, ఇరాన్ చేరాయి. 1958 జులై 14న ఇరాక్‌లో సైనిక విప్లవం రాజును కూల్చింది. 1959 మార్చిలో కొత్త ప్రభుత్వం ఒప్పందం నుంచి తప్పుకుంది. కార్యాలయం అంకారాకు మారింది, ఆగస్టులో పేరు సెంట్రల్ ట్రీటీ ఆర్గనైజేషన్ అయింది.

అమెరికా ఎన్నడూ పూర్తి సభ్యదేశం కాదు. ఈజిప్టు మండిపడుతోంది, ఇజ్రాయెల్ తనకూ హామీ కావాలంటోంది, ఈ రెండింటి మధ్య సంతకం పెట్టడానికి వాషింగ్టన్ వెనకాడింది. ఆర్థిక కమిటీలో, సైనిక కమిటీలో కూర్చుంది, డబ్బిచ్చింది. 1959 మార్చి 5న ఇరాన్, టర్కీ, పాకిస్తాన్‌లతో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంది. 1979లో ఇరాన్ విప్లవం వచ్చాక ఆ మార్చిలోనే ఇరాన్, పాకిస్తాన్, టర్కీ వరుసగా తప్పుకున్నాయి. సెంటో అక్కడితో ముగిసింది.

వియత్నాంలో సీటో పోరాడిందా?

సీటో జెండా కింద ఎవరూ పోరాడలేదు. కానీ అక్కడ బలప్రయోగానికి అధ్యక్షుడికి అధికారమిచ్చిన 1964 ఆగస్టు టోంకిన్ గల్ఫ్ తీర్మానంలో అమెరికా కాంగ్రెస్ ఈ ఒప్పందం కింద తన బాధ్యతలను పేర్కొంది. యుద్ధానికి చట్టపరమైన సాకుగా ఒప్పందం ఉపయోగపడింది, కూటమి ఉపయోగపడలేదు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, థాయిలాండ్, ఫిలిప్పీన్స్ సైనికులను పంపాయి. బ్రిటన్, ఫ్రాన్స్, పాకిస్తాన్ పంపలేదు. అమెరికా తర్వాత అత్యధికంగా, ఒక దశలో దాదాపు 50,000 మందిని పంపింది దక్షిణ కొరియా. అది సీటో సభ్యదేశమే కాదు. 1975లో సైగాన్ పడిపోయాక నడిపించడానికి కారణం మిగల్లేదు. 1977 జూన్ 30న సీటోను మూసేశారు.

అయితే సీటో, సెంటోల వల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదా?

జరిగింది, సైన్యానికి సంబంధం లేని చోట. 1960లో ఢాకాలో పాకిస్తాన్–సీటో కలరా పరిశోధనాశాల మొదలైంది. నోటి ద్వారా ఇచ్చే ఉప్పు–చక్కెర ద్రావణంతో కలరా రోగులను బతికించవచ్చని 1968లో నిరూపించిన ప్రయోగాలు అక్కడివే. ఈరోజు ఆంధ్రాలో, తెలంగాణలో ఏ పల్లెలోనైనా విరేచనాలైతే ముందు కలిపిచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక ఆ ప్రయోగాలున్నాయి, కలకత్తాలో జరిగిన పని కూడా ఉంది. ఒక సైనిక కూటమి పేరుతో వచ్చిన డబ్బు ఇన్ని ప్రాణాలు నిలబెట్టిందంటే, ఆ కూటమి చేసిన అన్ని విన్యాసాలకంటే ఈ ఒక్క పనినే గౌరవంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ పరిశోధనాశాల 1978లో అంతర్జాతీయ సంస్థగా మారి ఇప్పటికీ ఢాకాలో పనిచేస్తోంది.

బ్యాంకాక్‌లో 1959లో పెట్టిన సీటో ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్ స్కూల్ 1967లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయింది. సెంటో అంకారా, టెహ్రాన్, కరాచీలను కలిపే మైక్రోవేవ్ టెలిఫోన్ మార్గం వేసింది. టర్కీ, ఇరాన్ రైల్వేలను 1971లో కలిపింది. టర్కీలోని వాన్ సరస్సు చుట్టూ పట్టాలు వేయడం ఖర్చని రైలు పెట్టెలను ఫెర్రీ మీద దాటించారు.

కోకోమ్ ఏం చేసేది?

పారిస్ కేంద్రంగా 1950లో పని మొదలుపెట్టిన సమన్వయ కమిటీ ఇది. దీనికి సంతకాల ఒప్పందం లేదు, సభ్యదేశాల మధ్య అవగాహన మాత్రమే. ఐస్‌లాండ్ తప్ప నాటో దేశాలు, జపాన్, చివర్లో ఆస్ట్రేలియా, మొత్తం 17. మూడు జాబితాలు ఉండేవి: ఆయుధాలు, అణుశక్తి పరికరాలు, ఇటు పరిశ్రమకూ అటు సైన్యానికీ పనికొచ్చే సరుకులు. మూడో జాబితా దగ్గరే తగాదాలన్నీ. కంపెనీ తన ప్రభుత్వానికి లైసెన్సు కోసం దరఖాస్తు చేస్తుంది. జాబితాలోని సరుకుకు మినహాయింపు కావాలంటే ఆ ప్రభుత్వం పారిస్‌లో అడగాలి. ఒక్క దేశం కాదన్నా అంతే.

లోపం ఎక్కడంటే, నిషేధం ఉమ్మడిదే కానీ అమలు ఎవరి చట్టం వారిది. జపాన్‌కు చెందిన తోషిబా మెషీన్ 1982–84లో జలాంతర్గాముల ప్రొపెల్లర్లు నునుపుగా చెక్కే తొమ్మిది అక్షాల మిల్లింగ్ యంత్రాలను సోవియట్ యూనియన్‌కు అమ్మింది. వాటిని నడిపే కంప్యూటర్ కంట్రోలర్లు నార్వే కంపెనీ కాంగ్స్‌బర్గ్‌వి. జాబితాలోకి రాని తక్కువ రకం యంత్రాలని కాగితాల్లో రాశారు. 1987లో విషయం బయటపడింది. ప్రొపెల్లర్ శబ్దం తగ్గితే జలాంతర్గామిని పసిగట్టడం కష్టం, అందుకే అమెరికా అంతగా రగిలిపోయింది.

1994 మార్చి 31న కోకోమ్‌ను రద్దు చేశారు. దాని చోట 1996లో వచ్చిన వాసెనార్ ఏర్పాటులో రష్యా కూడా ఉంది. ఇండియా 2017 డిసెంబర్‌లో చేరింది.

ఈ కూటముల్లోవి అన్నీ ప్రజాస్వామ్య దేశాలేనా?

కావు. నాటో ప్రవేశికలో ప్రజాస్వామ్యం, వ్యక్తి స్వేచ్ఛ అని ఉంది, సంతకం చేసినవాళ్లలో సలజార్ నియంతృత్వంలోని పోర్చుగల్ ఉంది. 1967–74 మధ్య గ్రీస్‌ను సైనికాధికారులు ఏలారు, నాటో బహిష్కరించలేదు. టర్కీలో 1960, 1980 సైనిక తిరుగుబాట్లు, పాకిస్తాన్‌లో 1958 నుంచి అయూబ్ పాలన. నియంత ఫ్రాంకో ఏలిన స్పెయిన్‌ను నాటోలోకి రానివ్వలేదు కానీ 1953లోనే అక్కడ అమెరికా స్థావరాలు పెట్టుకుంది. ఈ కూటములను స్వేచ్ఛా ప్రపంచపు కూటములుగా వర్ణించే రాతలను చదివేటప్పుడు ఈ పేర్లు పక్కన పెట్టుకుని చదవండి. ఇంకోవైపు, 1954లో గ్రీస్, టర్కీలతో బాల్కన్ ఒప్పందం చేసుకున్న యుగోస్లావియా కమ్యూనిస్టు దేశం. అడ్డుకోవాల్సింది మాస్కోను అయినప్పుడు సిద్ధాంతం వెనక్కి పోయింది.

ఇండియా ఎందుకు చేరలేదు? 1971 సోవియట్ ఒప్పందం కూటమి కాదా?

మన గుమ్మం ముందుకు ప్రచ్ఛన్న యుద్ధాన్ని తెస్తాయన్నది నెహ్రూ అభ్యంతరం. అలాగే జరిగింది. 1956 మార్చిలో కరాచీలో సమావేశమైన సీటో మండలి కశ్మీర్ ప్రస్తావన తెచ్చింది. అంతకు మూడు నెలల ముందే, 1955 డిసెంబర్‌లో, శ్రీనగర్ వచ్చిన సోవియట్ నేత క్రుశ్చేవ్ కశ్మీర్ ఇండియాలో భాగమన్నాడు.

1971 ఆగస్టు 9 ఒప్పందంలోని తొమ్మిదో ఆర్టికల్ ప్రకారం, ఇండియా, సోవియట్ యూనియన్లలో ఏ దేశంపైనైనా దాడి జరిగినా, ముప్పు వచ్చినా రెండూ వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలి. సైన్యం పంపి తీరాలన్న బాధ్యత లేదు, ఉమ్మడి కమాండ్ లేదు, స్థావరాలు లేవు. ఈ కొలతతో చూస్తే అది సీటో కంటే కూడా వదులు. అయినా పనికొచ్చింది, ఎందుకంటే ఆ డిసెంబర్‌లో భద్రతా మండలిలో సోవియట్ వీటో పడింది.

ఎక్కువగా కనిపించే పొరపాట్లు ఏవి?

సోవియట్ శిబిరపు సైనిక కూటమి అయిన వార్సా ఒప్పందానికి జవాబుగా నాటో వచ్చిందని రాస్తుంటారు. నాటో 1949లో, వార్సా ఒప్పందం 1955 మే 14న, పశ్చిమ జర్మనీ నాటోలో చేరిన కొద్ది రోజులకే. సీటోను, 1967లో బ్యాంకాక్‌లోనే పుట్టిన ఆసియాన్‌ను కలిపేస్తారు. రెండోది సైనిక కూటమి కాదు. జపాన్‌ను సీటోలో లెక్కిస్తారు, అదీ తప్పే. సోవియట్ యూనియన్ 1954 మార్చిలో తానే నాటోలో చేరతానని ప్రతిపాదించిన సంగతి మాత్రం, నమ్మశక్యంగా లేకపోయినా, నిజం. పశ్చిమ దేశాలు తోసిపుచ్చాయి.

వీటిలో ఇప్పటికీ అమల్లో ఉన్నవి?

నాటో ఉంది, 2024లో స్వీడన్ చేరికతో సభ్యదేశాలు 32. ఆంజస్ ఉంది కానీ, అణ్వాయుధ నౌకలను రేవుల్లోకి రానివ్వనందుకు 1986లో న్యూజీలాండ్‌ పట్ల తన రక్షణ బాధ్యతను అమెరికా నిలిపేసింది. తైవాన్ ఒప్పందం 1980 జనవరి 1న ముగిసింది. జపాన్ (1960లో తిరగరాసినది), దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ ఒప్పందాలు కొనసాగుతున్నాయి. మనీలాలో రాసిన సీటో ఒప్పందపత్రాన్ని కూడా ఎవరూ రద్దు చేయలేదు. 1977లో మూతపడింది సంస్థ మాత్రమే. థాయిలాండ్, అమెరికాల మధ్య రక్షణ బంధానికి ఈనాటికీ ఆధారం ఆ పత్రం, రస్క్–థనత్ ప్రకటనలే.